పిల్లల కవితల్ని దిద్దకండి, కథ చెప్పండి చాలు

తల్లిదండ్రులకు నమస్కారం.

ఆదిలాబాద్ చలి గురించి మీకు నేను చెప్పేదేముంది. పొద్దున ప్రార్థనకు నిలబడితే పిల్లల నోట్లోంచి పొగలొస్తున్నాయి, వాళ్ళకదో సరదా, ఎవరి పొగ ఎక్కువ దూరం పోతుందని పోటీలు. ఈ నెల రెండు, మూడు తరగతుల తెలుగు పీరియడ్‌ను ఎండ పడే వరండాలోకి మార్చాం. అక్కడ కూర్చోబెట్టి చలికాలం కథలు చెప్పి, చిన్న చిన్న కవితలు రాయిస్తున్నాం.

మొదలుపెట్టింది మాత్రం సామెతతో. 'కార్తీకంలో కడవలు కడగ పొద్దుండదు, మార్గశిరంలో మాట్లాడ పొద్దుండదు, పుష్యంలో పూసలు గుచ్చ పొద్దుండదు' అని మీ ఇళ్ళల్లో పెద్దవాళ్ళు అనే ఉంటారు. డిసెంబర్ 21, 22 తేదీల్లో పగలు అన్నిటికంటే చిన్నదని పై తరగతుల్లో ఎలాగూ చదువుతారు గానీ, సామెత అయితే ఒక్కసారికే చెవికెక్కింది. మాసం పేరులోని మొదటి అక్షరమే తర్వాతి మాటలో మళ్ళీ పలుకుతోందని మేం చెప్పకముందే ఒక పాప పట్టేసింది. ఇక చూడండి, 'జనవరిలో జడ వేసుకోబుద్ధి కాదు', 'డిసెంబర్‌లో దుప్పటి దించబుద్ధి కాదు'. డ, ద ఒకటి కాదు కదా టీచర్ అని ఓ పిల్లాడు గొడవకు దిగాడు. నిజమే మరి!

తర్వాత చీమ, మిడత కథ. ఎండాకాలమంతా పాడుకున్న మిడత చలికి ఆకలితో వస్తే చీమ పెట్టను పొమ్మంటుంది కదా, కష్టపడాలి అనే నీతి రాస్తారనుకున్నాం. ఒక రెండో తరగతి పిల్ల ఇలా రాసింది:

మిడత పాట ఆగింది
చీమ తలుపేసింది
నాకు చలేసింది

నేనైతే కాసేపు ఏమీ మాట్లాడలేకపోయాను.

ఇప్పుడు అసలు సంగతి. ఇంటికి పంపిన నోటుబుక్కుల్లో కొన్ని 'హేమంత హిమబిందువుల హారం' లాంటి లైన్లతో తిరిగొచ్చాయి. బాగానే ఉంది, కానీ చదవమంటే పిల్లాడు 'హేమంత' దగ్గరే ఆగిపోయాడు. ప్రాస కుదరకపోయినా, 'గొంగడి'లో గ తలకట్టు మర్చిపోయినా పర్లేదు, తప్పులు మేం తర్వాత మెల్లగా చూసుకుంటాం. మీరు పెన్ను పట్టుకోకండి, దయచేసి.

మీ నుంచి కావాల్సింది వేరే. సంక్రాంతి సెలవుల్లో, సకినాలు చుట్టేటప్పుడో చలిమంట దగ్గరో, మీ చిన్నప్పటి చలికాలం సంగతి ఒకటి చెప్పండి. నాయనమ్మ, తాతయ్య ఉంటే ఇంకా మంచిది. మీది గోండి, లంబాడీ, మరాఠీ ఏ భాషైనా ఆ భాషలోనే చెప్పండి. చెప్పాక మూడే ప్రశ్నలడగండి: ఏం కనిపించింది, ఏం వినిపించింది, ఒంటికి ఎలా అనిపించింది? ఒక్కోదానికి ఒక్కో లైను, అంతే కవిత. నాలుగు, ఐదు తరగతుల వాళ్ళ చేత నానీలు రాయిద్దామనుకుంటున్నాం, నాలుగు పాదాలు, 20 నుంచి 25 అక్షరాలు. వేళ్ళ మీద లెక్కపెట్టుకోవడమే వాళ్ళకు సగం ఆట.

సెలవుల తర్వాత మొదటి రోజు అన్నీ వరండా గోడకు అంటిస్తాం, దింపడానికి వచ్చినప్పుడు ఓ ఐదు నిమిషాలు ఆగి చదవండి.

అన్నట్టు, స్వెటర్ల మీద పేర్లు రాసి పంపండి. నా గదిలో ఇప్పటికే ఆరు పడున్నాయి, అందులో మూడు ఒకే నీలం రంగు.

మీ హెడ్‌మిస్ట్రెస్