"వద్దక్కా, వెయ్యొద్దు" అన్న ఏసీ తమ్ముడికి, ఆ నాలుగు రోజులు మమ్మల్ని అరుసుకున్న గల్లీకి

ఈ నాలుగు ముక్కలు రాయమని వారం నుంచి మామయ్య చెబుతూనే ఉన్నారు. నేనే వాయిదా వేస్తూ వచ్చాను. కృతజ్ఞత చెప్పాలంటే ముందు నా నోటిదురుసు ఒప్పుకోవాలి మరి. ఇవాళ ఎవరికి దండం పెడుతున్నానో, ఆ మనిషినే ఆ రోజు మా వరండాలో నిలబెట్టి "నీకు పని రాకపోతే రాదని చెప్పు, మమ్మల్ని భయపెట్టకు" అన్నాను.

మాది హన్మకొండ, వడ్డేపల్లి చెరువు వైపు. ముప్పై ఏళ్ల కిందటి ఇల్లు. మేముండేది పై అంతస్తు. నెత్తి మీద స్లాబు, దాని మీద సూర్యుడు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు గానీ మా పడకగదికి రోహిణి దాకా ఆగే ఓపిక లేదు. ఏప్రిల్ ఆఖరుకే గోడ మీద చెయ్యి పెడితే పెనం. మామయ్య సింగరేణిలో ముప్పై ఏళ్లు బొగ్గు బాయిల దిగిన మనిషి, ఊపిరితిత్తులు సగం అక్కడే వదిలి వచ్చారు. ఈసారి ఎండలకు ఆయాసం ఎక్కువైతే డాక్టరు గారు చల్లటి గదిలో ఉంచమన్నారు. అలా టన్నున్నర ఏసీ కొన్నాం.

"టన్నున్నర గోడకు ఏలాడదీస్తరా? గోడ ఆగుతదా?" అని అత్తమ్మ బెంగ. అందరం నవ్వాం. టన్ను అంటే మిషను బరువు కాదు. ఒక టన్ను మంచుగడ్డ 24 గంటల్లో కరగాలంటే ఎంత వేడి కావాలో, గదిలోంచి అంత వేడిని లాగే సత్తువ అది. కిలోవాట్లలో చెబితే టన్నుకు మూడున్నర. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. గోడ గురించి అత్తమ్మ బెంగ ఉత్తది కాదని కూడా తర్వాతే తెలిసింది.

బిగించడానికి షాపు వాళ్లు పంపిన ఇద్దరు పిల్లలు వచ్చారు. నలభై నిమిషాల్లో పని అయిపోయింది. మాకు అదే గొప్ప. ఏసీ ప్లగ్గు లావుగా ఉండి మా గోడ సాకెట్లో పట్టకపోతే కన్వర్టర్ ఒకటి తగిలించారు. "ఏం కాదు మేడం, అందరిళ్లల్ల గిట్లనే" అన్నారు. ఆ రాత్రి మామయ్య నెల రోజుల తర్వాత గురక పెట్టి పడుకున్నారు. ఆ గురక విని నేను, మా ఆయన ఎంత మురిసిపోయామో.

మూడో రాత్రి, పదకొండు దాటాక, ప్లాస్టిక్ మాడిన వాసన. ముందు ఎవరింట్లోనో చెత్త కాలుస్తున్నారనుకున్నాం. లైటు వేసి చూస్తే స్విచ్‌బోర్డు గోధుమరంగుకు తిరిగి సన్నగా పొగ. నేను చెంబుతో నీళ్లు పట్టుకుని ఉరికాను. అప్పటికే అరుపులు విని మెట్లెక్కి వచ్చిన ఎదురింటి వదినె కొడుకు, డిగ్రీ చదివే పిల్లగాడు, నా చేతిలోని చెంబు గుంజుకున్నాడు. "ఆంటీ, కరెంటు మీద నీళ్లు పోస్తరా!" అని, చెప్పులు తొడుక్కుని పోయి మెయిను దించాడు. పొగ ఆగింది. ఆ చెంబు నీళ్లు పోసుంటే ఏమయ్యేదో నేను ఊహించదలచుకోలేదు. బాబూ, నీకు మొదటి దండం.

పొద్దున వదినె వాళ్లింటికి ఏసీ సర్వీసుకు వచ్చే తమ్ముడికి ఫోన్ చేశారు. కాజీపేట వైపు నుంచి వస్తాడు. పాతికేళ్లుంటాయేమో, ఐటీఐ చదివాడు. వచ్చీ రాగానే ఏసీ వైపు చూడలేదు. మెయిను దిగి ఉందో లేదో చూసుకుని, టెస్టరు పెట్టి మళ్లీ చూసుకుని, బోర్డు విప్పాడు. 6 ఆంపియర్ల సాకెట్. వెనక వైరు లైట్లకు వేసే ఒకటిన్నర ఎస్క్యూఎంఎం, అంటే ఒకటిన్నర చదరపు మిల్లీమీటర్ల సన్నది. ఎర్త్ పిన్ను కన్నం ఉంది, దాని వెనక వైరే లేదు. మెయిను దగ్గర పింగాణీ ఫ్యూజులో సన్న తీగ బదులు నాలుగు పోగుల రాగి వైరు చుట్టి ఉంది. అది చుట్టింది మామయ్యే, మాటిమాటికీ ఫ్యూజు పోతోందని. ఆయన కిటికీలోంచి బయటకు చూస్తూ కూర్చున్నారు.

"మరి ఫ్యూజు బదులు దానంతటదే పడే స్విచ్చు, ఎంసీబీ, ఉంటే పడిపోయేదా?" అని అడిగాను. "ఎంసీబీ ఉన్నా దీనికి పడకపోవు అక్కా. కరెంటు ఎక్కువ పోలే, పోయే తొవ్వ ఇరుకయింది" అన్నాడు. నాకు ఇన్నేళ్లలో కరెంటు గురించి ఎవరూ ఇంత బాగా చెప్పలేదు. టన్నున్నర ఏసీ ఎండ గట్టిగా ఉన్నప్పుడు ఏడెనిమిది ఆంపియర్లు గుంజుతుంది. ఎంసీబీ ఎంత కరెంటు పోతోందో చూస్తుంది గానీ, కన్వర్టర్ పిన్నులు సాకెట్లో వదులుగా కూర్చుని అక్కడికక్కడే కాగిపోతుంటే దానికి కనపడదు. గంటల తరబడి అలా కాగితే ముందు ప్లాస్టిక్, ఆ తర్వాత మంచం పక్కన ఉన్న పరదా.

అంతా విని నేను అడిగిన మాట చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. "ఫ్రిజ్ పాయింటు నుంచి ఎక్స్‌టెన్షన్ బాక్సు లాగి ఇవ్వాళ్టికి నడిపించు, ఆదివారం వైరింగ్ చూద్దాం" అన్నాను.

"వద్దక్కా, వెయ్యొద్దు."

బతిమాలాను. డబ్బులు ఎక్కువిస్తానన్నాను. బయట ఎండ 43, లోపల ఆయాసంతో ముసలాయన. అతను ఏసీ ప్లగ్గును చుట్టచుట్టి టేపు వేసి పైన మేకుకు తగిలించాడు, నాకు అందకుండా. అప్పుడే నోరు జారాను. తమ్ముడు ఏమీ అనలేదు, సంచీ సర్దుకుంటున్నాడు. మామయ్య మంచం మీది నుంచే అందుకున్నారు: "ఊకో బిడ్డా. బాయిల షిఫ్టుకు ముందట సర్దార్ దిగి గ్యాసు చూసొచ్చేటోడు. ఆయన వద్దన్నంక ఎవ్వలం దిగకపోతుంటిమి. గీ పోరడు మనింటి సర్దార్ అనుకో."

ఇంతమంది మెకానిక్కులకు ఏసీ ఆన్ చేసినందుకే డబ్బులిస్తాం కదా. ఆన్ చెయ్యనన్నందుకు దండం పెట్టడం నాకు ఇదే మొదటిసారి.

ఆ నాలుగు రోజులు గడిచింది కింది పోర్షన్ వాళ్ల పుణ్యాన. వాళ్ల ముందరి గది మా కన్నా చాలా చల్లగా ఉంటుంది. కూలర్‌లో గడ్డి మార్చి, మామయ్య మంచం అక్కడికే దింపించారు. పొద్దున జొన్న అంబలి, సాయంత్రం మజ్జిగ, రాత్రి ఆయన బాయి ముచ్చట్లు వినడానికి వాళ్ల పిల్లలు. అద్దెకున్నవాళ్లు అని రాయబోయి ఆగాను. వాళ్లు మా వాళ్లు.

వైరింగ్ అన్న పొద్దున ఆరింటికే వచ్చేవాడు, ఎండెక్కితే గోడ పక్కన నిలబడలేమని. మీటరు నుంచి ఏసీకి విడిగా 4 ఎస్క్యూఎంఎం రాగి వైరు, 20 ఆంపియర్ల ఎంసీబీ, ఇల్లంతటికీ, షాకు కొట్టేలా కరెంటు కారితే పడిపోయే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ. పింగాణీ ఫ్యూజు తీసి మామయ్య చేతిలో పెట్టాడు, ఇద్దరూ నవ్వుకున్నారు. ఎర్తింగ్ గుంత ఎక్కడుందో మాకే తెలియదు. మల్లెచెట్టు పక్కన తవ్వితే బయటపడింది, ఎండి బూడిదలా ఉంది. బొగ్గు, ఉప్పు వేసి నీళ్లు పోసి, ఎర్త్ వైరు కొత్తది లాగాడు. ఎండాకాలం గుంతలో తడి లేకపోతే ఎర్త్ ఉన్నా లేనట్టేనట.

మా మీటరుకు రాయించుకున్న లోడు, అంటే ఒకేసారి వాడుకోదగ్గ కరెంటు, ఒక్క కిలోవాటే అని కూడా అప్పుడే తేలింది. కరెంటు సంస్థ ఎన్పీడీసీఎల్ పెద్దాఫీసు నక్కలగుట్టలో మా ఇంటికి ఆటో దూరం, అయినా ఎన్నడూ పట్టించుకోలేదు. లోడు పెంచమని దరఖాస్తు పెట్టాం. సాయంత్రమైతే వోల్టేజి పడిపోతోందని కరెంటు కంప్లైంట్ల నంబరు 1912కి ఫోన్ చేస్తే లైన్‌మన్ సారు వచ్చి, స్తంభం మీద మా సర్వీసు వైరు అతుకు నల్లబడిందని చూసి కొత్తగా వేశారు. మంచినీళ్లు తాగి వెళ్లిపోయారు. సార్, మీకూ.

ఇక ఏసీ తమ్ముడి సంగతి. వైరింగ్ అయ్యాక వచ్చి ఆన్ చేస్తాడనుకుంటే, బయటి యూనిట్ దగ్గర కూర్చుని పైపుల నట్లకు సబ్బునురుగు పూశాడు. ఒకచోట బుడగలు. "వాక్యూం పెట్టిన్రా అక్కా వాళ్లు? గిర్రుమని చప్పుడు చేసే పంపు అరగంట నడిచిందా?" అన్నాడు. నలభై నిమిషాల్లో అంతా అయిపోయిందని మురిసిపోయినదాన్ని, ఏం చెప్పను? కొద్దిగా గ్యాసు వదిలి దాంతోనే పైపుల్లోని గాలిని బయటకు తోలి ఉంటారన్నాడు. అలా చేస్తే తేమ లోపలే ఉండిపోతుంది. అది గ్యాసును నొక్కి తిప్పే కంప్రెసర్‌లోని నూనెతో కలిసి ఆమ్లమై లోపలి నుంచి తినేస్తుంది. పంపుతో ఒత్తిడి బాగా తగ్గిస్తే ఆ తేమ మామూలు వేడికే మరిగి ఆవిరై బయటకు వచ్చేస్తుంది. అందుకే ఆ అరగంట.

నట్టు విప్పేముందు అత్తమ్మను దేవుడి దగ్గర అగరుబత్తీలు ఆర్పమన్నాడు. మా ఏసీలో ఉండే ఆర్32 గ్యాసుకు కొద్దిగా అంటుకునే గుణం ఉంది, గాలి కన్నా బరువు కాబట్టి మూసిన గదిలో కింద పరుచుకుంటుంది. తలుపులన్నీ తెరిపించాడు. గట్టిగా తిప్పి బిగించడం వల్ల పైపు మూతి చీలింది. ఆ ముక్క కోసి మూతి మళ్లీ చేసి, ఇంకా లీకుందేమోనని నైట్రోజన్ ఎక్కించి చూశాడు. కొందరు దీనికి ఆక్సిజన్ సిలిండర్ వాడతారట. లోపలి నూనెకు ఒత్తిడిలో ఆక్సిజన్ తగిలితే పేలుతుంది. లీకున్న ఏసీలో గ్యాసును బయటి యూనిట్‌లోకి వెనక్కి లాగేటప్పుడు గాలి దూరినా అంతే: "కంప్రెసర్ డీజిల్ ఇంజిన్ లెక్క అయితది" అన్నాడు. ఏసీ పేలింది అని పేపర్లో చదివి ఎండకు పేలిందేమో అనుకునేదాన్ని.

తర్వాత వాక్యూం, ఆ తర్వాత ఒత్తిడి చూపించే గేజీ ముల్లు కదలకుండా ఉందా అని కాసేపు చూడటం, ఆ తర్వాత యూనిట్ మీద రాసిన గ్రాముల లెక్క ప్రకారం కాటా మీద సిలిండర్ పెట్టి గ్యాసు నింపడం. ఇంకో మాట కూడా చెప్పాడు, ఇది అందరికీ పనికొస్తుంది: గ్యాసు పెట్రోలు కాదు, ఖర్చయిపోదు. ఏటా నింపాలని ఎవరైనా అంటే, లీకు ఎక్కడుందో ముందు చూపించమనండి.

బయటి యూనిట్ స్టాండును ఆ పిల్లలు పిట్టగోడకు బయటివైపు ప్లాస్టిక్ గుల్లలతో బిగించారు. పిట్టగోడ నాలుగంగుళాల ఇటుక. ముప్పై కిలోలకు దగ్గరి ఇనుము, రోజంతా అదురుతూ, కింద పిల్లలు క్రికెట్ ఆడే చోటు మీద! అత్తమ్మ వంక ఎవరం చూడలేకపోయాం. తమ్ముడు నడుముకు బెల్టు కట్టుకుని, వైరింగ్ అన్న తాడు పట్టుకుంటే, దాన్ని లోపలికి తెచ్చి స్లాబు మీదే ఇనప స్టాండు వేసి రబ్బరు ముక్కల మీద కూర్చోబెట్టాడు. వెనక జానెడు, ముందు బాగా ఖాళీ. నీళ్ల పైపు మొదట్లో మధ్యలో పైకి లేచి ఉండేది, ఏటవాలుగా సరిచేసి చివరను ఎర్తింగ్ గుంతలోకి వదిలాడు. ఏసీ నీళ్లు పోతాయి, గుంత తడిగా ఉంటుంది. ఆ తెలివికి మామయ్య చప్పట్లు కొట్టారు.

వాడకం గురించి మా ఇంట్లో ఇంకా పంచాయితీ నడుస్తోంది. పిల్లలకు 18 కావాలి. 18 పెట్టినంత మాత్రాన గది తొందరగా చల్లబడదు, మిషను ఆగకుండా నడుస్తుందంతే. 2020 నుంచి స్టార్ గుర్తున్న ఏసీలు ఆన్ చెయ్యగానే 24 దగ్గరే మొదలవ్వాలని నియమం ఉంది. ఒక్క డిగ్రీ పెంచితే కరెంటు ఆరు శాతం దాకా మిగులుతుందని కరెంటు పొదుపు చూసే కేంద్ర సంస్థ బీఈఈ లెక్క. మేం 26 పెట్టి ఫ్యాను మెల్లగా తిప్పుతున్నాం, మామయ్యకు అదే హాయిగా ఉంది. పొద్దుగాల కిటికీలు తెరిచి గదికి గాలి తగలనిస్తున్నాం. పదిహేను రోజులకోసారి ఎంసీబీ దించి అత్తమ్మ జాలీ ఫిల్టర్లు తీసి మామూలు నీళ్లతో కడిగి నీడలో ఆరేస్తారు. మొదటిసారి వచ్చిన మట్టి చూసి "చెరువు కట్ట పోయొచ్చు" అన్నారు. అంతకు మించి లోపల ఏదీ విప్పొద్దని తమ్ముడి ఆర్డరు, కరెంటు తీసినా, దాన్ని దాచుకునే కెపాసిటర్‌లో షాకు కొట్టేంత మిగులుతుందట.

అతను మొత్తం నాలుగుసార్లు వచ్చాడు, రెండింటికే డబ్బులు తీసుకున్నాడు. నేనన్న మాటకు క్షమించమని అడిగితే "ఎండకు అందరం గట్లనే అంటం అక్కా" అన్నాడు. తమ్ముడూ, పేరు పెట్టొద్దన్నావని పెట్టలేదు. హన్మకొండ కోతుల సంగతి నువ్వు చెప్పినట్టే అయింది. నిన్న పొద్దున రెండు వచ్చి రాగి పైపు మీది నల్ల స్పాంజి మూరెడు పీకేశాయి. పైపుకేమీ కాలేదు, చూశాను. చుట్టూ జాలీ కొట్టడానికి వెల్డింగ్ ఆయన ఆదివారం వస్తానన్నాడు. ఆలోపు వీలైతే వచ్చి స్పాంజి చుట్టిపో. ఈసారి డబ్బులు తీసుకోవాలి. నీ పెద్ద పానా మా పిట్టగోడ మీదే మర్చిపోయావు, మామయ్య దిండు కింద పెట్టుకున్నారు.