తవుడు ఒక్కటే చాలదు సార్

విజయనగరం జిల్లా పశుసంవర్ధక శాఖ అధికారి గారికి నమస్కారాలు.

గజపతినగరం దగ్గర 16 పందులు పెంచుతున్నాను. "పందికి మేతేంటి, ఏదైనా తింటుంది" అంటారు మా ఊళ్లో. నేనూ అలాగే అనుకుని తవుడు, నూకలు, హోటల్ మిగులు వేసేవాణ్ణి. చూడి పందికైతే 114 రోజులూ కడుపునిండా పెట్టాను. బాగా కొవ్వెక్కింది. ఈనాక మేత సరిగా ముట్టలేదు, పాలు తగ్గాయి, చిక్కిపోయి మళ్లీ ఎదకు రావడం ఆలస్యమైంది. చూడిలో కొలతగా, పాలిచ్చేటప్పుడు తిన్నంత పెట్టాలట! నేను సరిగ్గా తలకిందులు చేశాను.

తవుడులో, నూకల్లో లైసిన్ అనే ప్రోటీన్ భాగం తక్కువ. అది చాలకపోతే ఎంత తిన్నా కండ పట్టదు, కొవ్వే పడుతుంది. సోయా చెక్కో చేపపొడో కలపాలి, సరే, ఎంత కలపాలి? ఇక సిమెంటు నేల మీద పుట్టిన పిల్లలకు తల్లిపాలలోని ఇనుము చాలదు. మొదటి మూడు నాలుగు రోజుల్లోనే ఇంజెక్షన్ వేయించాలని నాకు తెలిసేసరికి నాలుగు పిల్లలు పోయాయి.

గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది. అక్కడి వాళ్లతో మాట్లాడి, మన దగ్గర దొరికే తవుడు, చెక్కలతోనే మేత లెక్క కట్టించి, వయసువారీగా తెలుగులో ఒక కాగితం ఇప్పించండి. హోటల్ మిగులు మరిగించకుండా పెడితే స్వైన్ ఫీవర్ అనే పందుల జబ్బు రావచ్చన్న సంగతి అందులో పెద్దక్షరాలతో రాయించండి.

ఇట్లు,
ఒక పందుల రైతు