బుడ్డల పొట్టును తగలబెట్టనివ్వకండి సార్

గౌరవనీయ పరిశ్రమల అధికారి గారికి,

మూడు అర్జీలు ఇచ్చినా జవాబు రాలేదు, అందుకే అందరూ చూసేలా రాస్తున్నాను. మా అనంతపురం పల్లెల్లో బుడ్డలు (వేరుశనగ కాయలు) ఒలిచే మిల్లుల వెనక పొట్టు గుట్టలుగా పడుంటుంది, కాయ బరువులో దాదాపు నాలుగో వంతు అదే. దానికి నిప్పు పెడితే రాత్రంతా పొగ. మా అమ్మ తలుపు సందుల్లో తడిగుడ్డలు కుక్కి, దగ్గుతూ కూర్చుంటుంది.

అదే పొట్టును బాగా ఆరబెట్టి, మెత్తగా పొడి చేసి పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్‌లో కలిపితే ప్లాస్టిక్ గట్టిపడుతుంది, ముడి ప్లాస్టిక్ కూడా తక్కువ పడుతుంది. తేమ మిగిలితే పని చెడుతుంది, వేడి 200 డిగ్రీలు బాగా దాటితే పొట్టు మాడుతుంది, కాబట్టి సరైన యంత్రాలు కావాలి.

మేము అడిగేది ఒక షెడ్డు, ఆరబెట్టే యంత్రం, పొడి మర, విజయవాడలో ప్లాస్టిక్ పరీక్షలు చేసే కేంద్ర సంస్థ సిపెట్‌లో నమూనాల పరీక్ష. ఈసారి బుడ్డలు పెరికేలోపు మంజూరు చేయండి, కుదరకపోతే ఎందుకో రాతపూర్వకంగా చెప్పండి.

ఇట్లు,
ఒక బుడ్డల రైతు కొడుకు