ప్రోవోస్ట్ అంటే సంతకాల అధికారి కాదు

సంపాదకులకు,

విశ్వవిద్యాలయ ప్రెసిడెంటు పేరు అందరికీ తెలుస్తుంది. చదువుల వ్యవహారమంతా నడిపే ప్రోవోస్ట్ ఎవరో మాత్రం చాలామందికి పట్టదు. ఒక్కో కళాశాలను నడిపే డీన్లు జవాబు చెప్పుకునేది వీరికే. కొత్త కోర్సులు, అధ్యాపక నియామకాలు, అక్రిడిటేషన్ అన్నీ ఆ బల్ల మీదికే వస్తాయి.

ఒక్క టెన్యూర్ (అధ్యాపకుడి ఉద్యోగాన్ని శాశ్వతం చేయడం) ఫైలు చూడండి. ప్రొబేషన్ 7 ఏళ్లు మించకూడదని అమెరికాలో 1940 నాటి టెన్యూర్ సూత్రాల ప్రకటన చెప్పింది. అందుకే అక్కడ ఫైలు సాధారణంగా 6వ ఏడాదిలో కదులుతుంది. బయటి నిపుణుల లేఖలు, శాఖ కమిటీ ఓటు, శాఖాధిపతి నోటు, డీన్ సిఫారసు అన్నీ చేరాక ప్రోవోస్ట్ దగ్గరికొస్తుంది. శాఖ ఔనని, డీన్ కాదన్నప్పుడే అసలు పరీక్ష. కారణం కాగితం మీద పెట్టకుండా ఏకవాక్యంతో తేల్చేస్తే అప్పీలులో ఆ నిర్ణయం నిలవడం కష్టం.

అసిస్టెంట్ ప్రొఫెసర్‌తో మొదలైన దారి ప్రొఫెసర్, శాఖాధిపతి, డీన్ మీదుగా ప్రోవోస్ట్ పదవికి చేరేసరికి రెండు దశాబ్దాలు గడవడం మామూలే. మధ్యలో అసోసియేట్ ప్రోవోస్ట్‌గా చేసినవారు తమవి కాని శాఖల లెక్కలూ చూసి ఉంటారు. నేరుగా డీన్ కుర్చీలోంచి వచ్చినవారు తడబడేది అక్కడే: నిన్నటిదాకా తన కళాశాలకు పోస్టులు అడిగిన మనిషి ఇవాళ అందరికీ కాదనాలి. రిటైరైన ప్రొఫెసర్ జీతం శాఖకే మిగులుతుందా, కేంద్ర ఖాతాకు పోతుందా అన్నది తేలకముందే మాటిచ్చేస్తే ఒకే డబ్బును ఇద్దరికి రాసిచ్చినట్టే.

ఎంపిక కమిటీలు దార్శనికత గురించి గంటసేపు అడుగుతాయి (జవాబులూ ఒకేలా ఉంటాయి). దానికి బదులు ఒక బడ్జెట్ షీటు ముందుపెట్టి, పది ఖాళీల్లో ఏ మూడు నింపుతారో, ఎందుకో చెప్పమనాలి.

– ఒక పాఠకుడు