డాక్టరు ముందర "పర్వాలేదు" అనకు బిడ్డా

పోచంపల్లి
ఆదివారం పొద్దుగాల

బిడ్డా,

నీ నడుం నొప్పికి బుధవారం పెయిన్ క్లినిక్కుల చూపించుకునే నంబరు దొరికిందని నిన్న ఫోన్ల చెప్పినవు. ఏం తీస్కపోవాల్నో, ఏం చెప్పాల్నో తెలుస్తలేదు అన్నవు. ఫోన్ల చెప్తే సగం నీ చెవుల పడుతది, సగం బాబు ఏడుపుల పోతది. అందుకే రాస్తున్న. కొద్దిసేపు కూసుంటున్న, లేసి వాకిట్ల నాలుగడుగులు ఏస్తున్న, మళ్ల వచ్చి రాస్తున్న. రెండేండ్ల కింద నేను కూడ అసొంటి తలుపు ముందరనే ఫైలు పట్టుకోని భయంతోని కూసున్న. అప్పుడు నాకు చెప్పేటోళ్లు లేరు.

ముందుగాల ఒక్క మాట. డాక్టరు ఎట్లుందని అడిగితే "పర్వాలేదు" అనకు. నీకు నా అలవాటే వచ్చింది. నేను 11 ఏండ్లు అందరికి ఆ మాటే చెప్పిన, మీ నాయినకు కూడ. మనదిక్కు ఆడోళ్ల నొప్పిని నొప్పి అనరు, పని అంటరు. ఒక్క చీరెకు ఆసు పొయ్యాలంటే, అంటే నేసే ముందర నూలును మేకుల చుట్టు తిప్పాలంటే, చెయ్యి 9000 సార్లు అటు ఇటు తిరగాలె. శారాజీపేట మల్లేశం తల్లి బాధ చూడలేక 1999ల ఆసు యంత్రం చేసిండు, 2017ల ఆయనకు పద్మశ్రీ ఇచ్చిన్రు. ఆ యంత్రం మన ఇంటికి వచ్చేదాక నా భుజం నొప్పి కూడ పనిల భాగమే అనుకున్న. ఇప్పుడు నువ్వు "అందరు కంప్యూటర్ ముందర కూసునేటోళ్లే కద అమ్మా" అంటున్నవు. అందరి సంగతి ఇడిసిపెట్టు. బుధవారం నీ నడుం సంగతి చెప్పు.

ఎట్ల చెప్పాలె అంటవా? నేను పోయిన పెయిన్ క్లినిక్కుల డాక్టరమ్మ నన్ను "నొప్పి ఎట్లుంటది?" అని అడిగింది. "నొప్పే మేడం, మస్తు నొప్పి" అన్న. ఆమె పెన్ను పక్కకు పెట్టి, "మీ ఇంట్ల మీరు ఎట్ల అనుకుంటరో అట్లనే చెప్పున్రి" అన్నది. అప్పుడు నాకు మాట వచ్చింది. నడుం నడుమ సలుపుతది అన్న. పొద్దుగాల లేవంగనే పట్టేసి ఉంటది, అర్ధగంట తిరిగితే సదురుకుంటది అన్న. ఎడమ పిర్ర నుంచి పిక్క దాక గుంజుతది, కాలి చిటికెన వేలు తిమ్మిరెక్కి మొద్దువారుతది, తుమ్మితే కరెంటు కొట్టినట్టు జివ్వుమంటది అన్న. ఆమె ఒక్కొక్కటి వేరే వేరే వరుసల రాసుకున్నది. సలుపుడు, పట్టేసుడు అయితే ఎక్కువగ కండరాలు, కీళ్ల దిక్కు చూస్తరట. మంట, తిమ్మిరి, సూదులు గుచ్చుడు, కరెంటు కొట్టినట్టుండుడు అయితే నరం దిక్కు చూస్తరట. రెండింటికి మందులు కూడ వేరే. ఇన్నేండ్లు నేను ఊకె "నొప్పి" అన్న, వాళ్లు ఊకె నొప్పి గోలీలు రాసిన్రు. నువ్వు ఇంగ్లీషుల చెప్పాలని చూడకు. మన మాటలల్లనే ఉన్నది అంత.

తర్వాత ఒక కాయితం ఇస్తరు. దాని మీద మనిషి బొమ్మ రెండు దిక్కుల నుంచి ఉంటది, ముందటి దిక్కు ఒకటి, ఎనక దిక్కు ఒకటి. నొప్పి ఉన్నకాడ పెన్నుతోని గీతలు గియ్యాలె. నేను నడుం కాడ మొదలుపెట్టి, ఎడమ కాలు పొంటి దించుకుంట మడిమె దాక వచ్చిన. గీసినంక ఆ కాయితం చూస్తే కండ్లల్ల నీళ్లు తిరిగినయి. నా పెయ్యిల ఇంత జాగ నొప్పికి ఇచ్చిన్నా అనిపించింది. నువ్వు సిగ్గుపడకుండ ఉన్నకాడల్ల గియ్యి. పిర్ర, తొడ లోపలి దిక్కు ఏదైన సరే.

0 నుంచి 10 దాక ఎంత అని కూడ అడుగుతరు. నేను టక్కున 10 అన్న. "10 అంటే మీకు ఏది?" అని అడిగింది. ఆలోచించిన. నిన్ను కన్ననాడు పొద్దంత పడ్డ నొప్పి 10. మరి ఇయ్యాల? 6 అన్న. "ఆ 6 ఉన్ననాడు ఏం చెయ్యలేకపోతరు?" అన్నది. అసలు లెక్క అదే బిడ్డా. నీకు ఏమున్నదో నేను చూస్తనే ఉన్న. బాబును సంకనేసుకోని మెట్లు ఎక్కలేవు, తానం చేపిద్దామని వంగలేవు, సిన్మాకు పోతే ఇంటర్వల్ దాక కూసోలేవు. ఇవే చెప్పు. అంకె కంటే ఇవే వాళ్లకు ఎక్కువ పనికొస్తయి.

ఈ మూడు రోజులు ఒక చిన్న నోట్‌బుక్కుల రాసిపెట్టు. లేసినప్పుడు ఎట్లుంది, ఎన్ని నిమిషాలు కూసుంటే మొదలైంది, పండుకుంటే తగ్గిందా, రాత్రి ఎన్నిసార్లు తెలివైంది. పెద్దగ రాయకు, రోజుకు రెండు మూడు వరుసలు చాలు. గోలీల పేర్లు గుర్తుపెట్టుకునే తిప్పలు వద్దు, పత్తలే సంచిల ఏసుకపో. మెడికల్ షాపుల చీటి లేకుండ కొన్నయి, మీ అత్తమ్మ ఇచ్చిన తైలం, ఎవరన్న ఇచ్చిన పొట్లాల మందు, అన్ని. పొట్లాల మందులల్ల ఒక్కోపారి స్టెరాయిడ్ కలుపుతరు. ఆర్‌ఎంపీ దగ్గర సూదులు ఏపించుకోని ఉంటే అది కూడ దాయకు, వాళ్లు తిడతరని భయపడకు. నొప్పి గోలీలు రోజు మింగితే కడుపుల పుండు అయితది, కిడ్నీ మీద పడుతది, బీపీ పెరుగుతది. నెలకు ఎన్ని మింగినవో నిజం చెప్పు.

ఎమ్మారై సంగతి. రిపోర్టు కాయితం ఒక్కటే కాదు, ఫిలిం కూడ తీస్కపో. కాని ఆ కాయితం సదువుకోని నిద్ర పాడు చేసుకోకు. నాకు అప్పట్ల పట్నంల ఒక డాక్టరు ఫిలిం దిక్కు చూసి, నా దిక్కు చూడకుండనే, ఆపరేషన్ చెయ్యకుంటే కాళ్లు పడిపోతయి అన్నడు. మీ నాయిన ఆ రాత్రి అన్నం ముట్టలే, మగ్గం అమ్ముదామన్నడు. పెయిన్ క్లినిక్కుల డాక్టరమ్మ అదే ఫిలిం చూసి, ఏ నొప్పి లేనోళ్లకు తీసినా 30 ఏండ్ల ఈడుల నూటికి 40 మందికి డిస్క్ ఉబ్బు (వెన్నుపూసల నడుమ ఉండే మెత్తటి బిళ్ల ఉబ్బుడు) కనపడుతది, 50 ఏండ్లకు 60 మందికి కనపడుతది అని చెప్పింది. ఫిలింల ఉన్నదంత నొప్పి కాదు. అందుకే వాళ్లు నిన్ను పండుకోబెట్టి కాలు నిటారుగ లేపి చూస్తరు, మునివేళ్ల మీద, మడిమెల మీద నడిపిస్తరు, మోకాలు మీద చిన్న సుత్తెతోని కొట్టి చూస్తరు. సల్వార్ వదులుగ ఉన్నది ఏసుకో.

అక్కడ చూసేది చానసార్లు మత్తు డాక్టరే ఉంటరు. నేను అది ఇనంగనే ఆపరేషన్‌కే తీస్కపోతున్నరని బెదిరిన. అట్ల కాదు. నరాలకు మందు ఎక్కడ ఏస్తే నొప్పి ఆగుతదో ఆ సదువు వాళ్లది. మొదటిరోజు ఎక్కువగ మాటలు, పరీక్షలే ఉంటయి. నడుంల సూది అంటే భయపడకు, వెంటనే ఒప్పుకోకు కూడ. ఏ నరానికి, ఎందుకు, ఎన్ని రోజులు పనిచేస్తది, ఎంత ఖర్చు, ఏపించుకోకుంటే ఏమైతది అని అడుగు. ఎక్స్‌రే తెర మీద చూసుకుంట ఏస్తరు. అందుకే రెండో కాన్పు గురించి ఆలోచన ఉంటే, నెల తప్పినట్టు అనుమానం ఉంటే మొదలే చెప్పు. గోలీలు రాసేటప్పుడు కూడ అది వాళ్లకు తెలువాలె. నాకు షుగర్ ఉన్నది కద, సూదిల స్టెరాయిడ్‌తోని నాలుగు రోజులు షుగర్ పెరిగింది. మొదలే చెప్పిన్రు కాబట్టి చూసుకున్న. సూదితోని నాకు కాలు గుంజుడు 3 నెలలు తగ్గింది. ఆ 3 నెలలల్ల ఫిజియో అమ్మాయి నేర్పిన కసరతు పట్టుకున్న. సూది కంటే నన్ను నిలబెట్టింది కసరతే అని నాకు అనిపిస్తది.

నిద్ర పడుతుందా, మనసు ఎట్లుంది, ఇంట్ల ఎట్లుంది అని కూడ అడుగుతరు. నాకు కోపం వచ్చింది. నా నొప్పి ఉత్తదే అనుకుంటున్నరా అనుకున్న. అట్ల కాదంట. 3 నెలలు దాటిన నొప్పిల, దెబ్బ మానినా ఒక్కోపారి నరాలు గంట కొట్టుడు ఆపవు. నిద్ర లేకుంటే, రంది ఎక్కువైతే ఆ గంట ఇంక గట్టిగ మోగుతది. మనసుకు ఇచ్చే గోలీలల్ల కొన్ని నరాల నొప్పికి కూడ ఇస్తరు, చానసార్లు తక్కువ డోసుల. అసొంటిది రాస్తే నాకు పిచ్చా అని అనుకోకు. మబ్బుగ, నిద్రమత్తుగ ఉంటే స్కూటీ నడపకు, ఫోన్ చేసి చెప్పు. నీ అంతట నువ్వు టక్కున బంద్ చెయ్యకు.

అల్లుడిని తోల్కపో. నువ్వు చెప్పుడు మర్చిపోయింది ఆయన చెప్తడు. మీ నాయిన నాతోని వచ్చినప్పుడు, "రాత్రిపూట మూలుగుతది మేడం, పొద్దుగాల అడిగితే లేదంటది" అని చెప్పిండు. నాకు తెలువనే తెలువదు.

ఇంకొకటి, ఇది మాత్రం బుధవారం దాక ఆగేది కాదు. ఒంటికి పోసుకునేది తెలువకపోయినా, ఆగిపోయినా, దొడ్డికి అదుపు లేకపోయినా, కూసునే జాగల మొద్దువారినా, కాలు పట్టు తప్పినా, అర్ధరాత్రి అయినా సరే ఎమర్జెన్సీకి పోవాలె. జరం వచ్చుడు, ఊకె బరువు తగ్గుడు ఉంటే అది కూడ డాక్టరుకు చెప్పాలె.

నొప్పి పూర్తిగ పోతదని వాళ్లు మాట ఇయ్యరు. నాకు కూడ ఇయ్యలే. "ఏం చెయ్యాలని ఉన్నది?" అని అడిగిన్రు. రాట్నం కాడ గంట కూసోవాలె అన్న. ఇప్పుడు 40 నిమిషాలు కూసుంటున్న, కండెలు చుడుతున్న. నువ్వు నీది ఏందో ఆలోచించుకో.

మంగళవారం మాపటి బస్సుకు వస్త. బాబును నేను చూసుకుంట, మీరు నిమ్మలంగ పోయి రాండ్రి. కాపడానికి వావిలాకు తెస్తున్న, డాక్టరు వద్దంటే పెట్టను. గోలీల పత్తలు, ఫిలిం, నోట్‌బుక్కు ఒక్క సంచిల ఏసి తలుపు కాడ పెట్టు.

మీ అమ్మ