సుల్తాన్ బజార్ ఇంటి అటక

అమ్మలూ,

అటక తీయించేస్తానన్నావు. అడ్డా మీద నలుగురు కూలీలను మాట్లాడి గడ్డపారలిస్తే ఒక్క పూటలో కిందికొస్తుంది. దాంతోపాటు గోడ కూడా కదలొచ్చు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

సామాను సంగతి తర్వాత, ముందు దూలాలు చూడు. పెంకుల బరువు వాసాల మీదుగా గోడ నెత్తికి దిగి, గోడలను బయటికి తోస్తుంది. అటక దూలాల్లో కొన్ని ఆ రెండు గోడలనూ లోపలికి పట్టి ఉంచే పని కూడా చేస్తాయి. వాసం అడుగు ఏ దూలానికైనా మేకులతోనో ఇనప పట్టీతోనో బిగించి ఉంటే, అది కప్పును మోసేదే అనుకో, ముట్టుకోనివ్వకు. పైన పరిచిన చెక్క పలకలు పోతే చాలు, గదికి ఎత్తూ వెలుగూ వస్తాయి. స్ట్రక్చరల్ ఇంజినీరును ఒక్కసారి పిలిచి, ఏది ఉండాలో ఏది పోవాలో సుద్దముక్కతో గుర్తు పెట్టించు. ఆ గుర్తులు లేకుండా రంపం లోపలికి రాకూడదు.

కరెంటు మెయిన్ ఆపితే సరిపోదు, ఇన్వర్టర్ కూడా ఆపు. మెయిన్ ఆపినా దాని లైన్లలో కరెంటు ఉంటుంది. చెక్క పట్టీల మీద లాగిన పాత వైరు తొడుగు ఎండి, వేలు తగిలితేనే రాలిపోతుంది. ప్రతి వైరునూ టెస్టర్‌తో చూశాకే పని మొదలుపెట్టించు.

అన్నిటికంటే నాకు భయం దుమ్ము. పావురాల రెట్ట ఎండి పొడైతే అందులోని బూజు, ఫంగస్ ఊపిరితిత్తుల్లోకి వెళ్తాయి. ఎలుకల పెంటికలు, మూత్రంతో మరికొన్ని జబ్బులు. చీపురు అసలు పట్టించకు. ఇంట్లో వాడే వాక్యూమ్ కూడా వద్దు, సన్నని దుమ్ము దాని సంచీలోంచి మళ్లీ గదిలోకే వస్తుంది. రెట్టను సబ్బునీళ్లు స్ప్రే చేసి బాగా నాననిచ్చి, పావుగంట ఆగి, రేకు ముక్కతో గీకి రెండు సంచుల్లో కట్టాలి. నీళ్లు గట్టిగా చిమ్మితే అదీ దుమ్మే, మెల్లగా చల్లాలి. ఎలుకల చోట ఒక వంతు బ్లీచింగ్ ద్రావణానికి తొమ్మిది వంతుల నీళ్లు కలిపి తడిపి, పది నిమిషాలాగి పాత గుడ్డలతో ఎత్తాలి. ఆ బ్లీచ్‌లో బాత్రూమ్ యాసిడ్ మాత్రం కలపనివ్వకు, విషవాయువు వస్తుంది. ముఖానికి తువ్వాలు చుట్టుకుంటే ఏమీ ఆగదు, ఎన్95 కావాలి. గడ్డమున్న వాళ్లకు మాస్కు అంటుకోదు, పక్కల నుంచి గాలి దూరుతుంది. మిగతా గదుల గుమ్మాలకు ప్లాస్టిక్ షీటు టేపుతో అంటించు.

సామాను దించేటప్పుడు పలకల మీద అడుగు వేయొద్దు. పైకి గట్టిగా కనిపించినా లోపల చెదలు గుల్ల చేసి ఉంటాయి. దూలాల మీద అడ్డంగా ముప్పావు అంగుళం ప్లైవుడ్ పరిచి దాని మీదే నడవాలి. నిచ్చెన నాలుగడుగుల ఎత్తుకు ఒక అడుగు చొప్పున గోడకు దూరంగా నిలపాలి. మూలల్లో తేళ్లుంటాయి, చేతికి తోలు గ్లౌజులు ఉండాలి. ఉర్దూలో రాసిన పాత కాగితాలు ఏవి కనిపించినా అర్థం కాలేదని చెత్తలో వేయకు. నిజాం కాలపు దస్తావేజులు కావొచ్చు. విడిగా పెట్టు, చదివించుకుందాం.

ఇక విప్పడం. కట్టిన వరసకు సరిగ్గా ఎదురు వరసలో సాగాలి. ముందు పలకలు, తర్వాత వాటి కింది అడ్డకర్రలు, చివర ఇంజినీరు తీయొచ్చన్న దూలాలు. ఒక్కో దూలం కింద రెండు వైపులా జాకీలు, అంటే ఎత్తు సర్దుకునే ఇనప ఆసరాలు నిలిపి, బరువు వాటి మీదికి వచ్చాకే కొయ్యాలి. గోడలో దిగిన కొసను గడ్డపారతో పెకలించబోతే డంగుసున్నం పగిలి చుట్టూ రాళ్లు కదులుతాయి. గోడకు ఆరంగుళాలు వదిలి కోసి, ఆ మొద్దును తర్వాత ఉలితో కొద్దికొద్దిగా తీయించు. ఆ గుంతను అదే రోజు ఇటుకలతో మూసి, సున్నం కలిసిన మాల్ వేసి, వారం రోజులు తడుపుతూ ఉండాలి.

కలప టేకైతే లెక్క వేసుకో. పొడవు అడుగుల్లో, వెడల్పు, మందం అంగుళాల్లో కొలిచి మూడూ గుణించి 144తో భాగిస్తే ఘనపుటడుగులు. పదడుగుల పొడవు, ఆరంగుళాల వెడల్పు, నాలుగంగుళాల మందం ఉంటే 1.67. కలప తీసుకుని పని ఉచితంగా చేస్తామనే వాళ్లు ఈ కొలత నీకు చెప్పరు.

వెనక గది మీది సిమెంటు రేకుల సంగతి వేరు. అందులో ఆస్బెస్టాస్ అనే రాతినార ఉంటుంది. ఇప్పటికీ అమ్ముతున్నారు గనక ప్రమాదం లేదనుకోకు, పగిలినప్పుడు లేచే నార ఊపిరితిత్తుల్లో ఏళ్ల తరబడి ఉండిపోతుంది. దీనికి ఎన్95 చాలదు, అంతకంటే సన్నని దుమ్మును ఆపే పీ100 మాస్కు కావాలి. రేకు మీద ఎక్కనివ్వకు, విరిగి మనిషి కిందపడతాడు. కట్టర్ మిషన్ పెట్టనివ్వకు. ముందు రేకును తడిపి, తుప్పు పట్టిన హుక్కులను బోల్టు కట్టర్‌తో తెంపి, పగలకుండా మొత్తంగా దించాలి. మందమైన పాలిథీన్‌లో రెండు పొరలుగా చుట్టించి ఒక పక్కన పెట్టించు. హైదరాబాద్ శివారు దుండిగల్‌లో ప్రమాదకర వ్యర్థాల కేంద్రం ఉంది, పంపే పద్ధతి కాలుష్య నియంత్రణ మండలిలో అడుగు. ఇంకొకరి షెడ్డుకు ఇచ్చేయకు.

మిగతా రాళ్లు, సున్నం గోనెసంచుల్లో సగం వరకే నింపించు. నిండా నింపితే యాభై కిలోలు దాటి, మెట్ల మీద మోసేవాడి నడుం పోతుంది. వాటిని నాలాలో, మూసీ ఒడ్డున పోయనివ్వకు. జీడిమెట్లలో, ఫతుల్లగూడలో నిర్మాణ వ్యర్థాలను వేరుచేసి కంకర, ఇసుకగా మార్చే ప్లాంట్లున్నాయి. మున్సిపల్ ఆఫీసులో చెబితే బండి పంపుతారు.

మార్చి దాటితే పెంకుల కింద పదకొండింటికే నిలబడలేరు, వానల్లో తడిసిన గోడలతో ఈ పని పెట్టుకోకూడదు. నవంబరు, ఫిబ్రవరి మధ్య చూసుకో. మొదటి రోజు జాకీలు నిలిపాక ఫోటో తీసి పంపు. నేను చూసి సరే అన్నాకే రంపం పట్టించు.

ఆశీస్సులతో,
నాన్న