కొరియా సైనికులు ఉన్నరా లేరా? ఎవరు చెప్పిన్రో అది గూడ రాయండి

ఎడిటర్ గారికి నమస్తే,

నేను హన్మకొండ నయీంనగర్‌ల ఉంట. ముప్పై ఏండ్ల సంది పొద్దుగాల పేపర్ చూడకుండ చాయ్ తాగలే, ఇంటికి ఒకటి వస్తది, ఇంకో రెండు చౌరస్తా కాడి హోటల్‌ల తిరగేస్త. ఉక్రెయిన్ మీద యుద్ధంల రష్యా దిక్కు ఉత్తర కొరియా సైనికులు దిగిన్రా లేదా అని 2024 అక్టోబర్ నుంచి 2025 ఏప్రిల్ దాకా మన తెలుగు పేపర్లు, టీవీలు రాసిన తీరు మీద ఈ లెటర్ రాస్తున్న. ఎక్కడి కొరియా ఎక్కడి వరంగల్ అనుకుంటరేమో, గని ఆ వార్త మా ఇంట్లకే వచ్చింది, అందుకే చెప్పాలె.

మా అక్కోళ్లది కోరుట్ల దగ్గర ఊరు. ఆ దిక్కు సంగతి మీకు తెల్వంది కాదు, ఇంటికొకరు దుబాయో మస్కటో సౌదీయో పోయినోళ్లే. అక్క కొడుకు ఐటీఐ ఫిట్టర్ చేసిండు, దుబాయ్ వీసా రెండుసార్లు చేతిదాకా వచ్చి తప్పింది. ఇగ ఒక ఏజెంట్ దొరికిండు, రష్యాల హెల్పర్ పని, నెలకు లక్ష పైన, ఆర్మీ కిందనే గని ముందలికి పంపరు, గోదాములల్ల సామాన్ మోసుడు, వంటకు సాయం చేసుడు అంతే అన్నడట. 2024 దీపావళి అయినంక వారం దినాలకు నేను పోతే వాడు ఫోన్‌ల ఒక పేపర్ కటింగ్ ఫోటో చూపిచ్చిండు, ఎర్ర అక్షరాల హెడ్డింగ్, కింద కవాతు చేస్తున్న సైనికుల బొమ్మ. "మామా జూడు, కొరియావోళ్లు పన్నెండు వేల మంది దిగిన్రట, ఇగ మనసొంటోళ్లను కొట్లాటకు ఎందుకు తోలుతరు, వెనకనే పని జేయిపిస్తరు" అన్నడు. ఆ ఫోటో వానికి పంపింది ఏజెంటే. పక్కన కూసున్న మా బావేమో "కొరియా లేదు ఏం లేదు, అంత ఫేక్ అని రష్యానే చెప్పింది, యుద్ధం సల్లబడ్డది" అన్నడు, ఆయన గూడ పేపర్లనే చదివిండు. ఒక వార్త ఉన్నరని, ఇంకోటి లేరని, గని మా ఇంట్ల రెండూ కలిసి పిల్లగానికి ఒక్కటే చెప్పినయి, పో అని. మా అక్క నా మొఖం దిక్కే చూస్తున్నది, తమ్ముడు చదువుకున్నోడు ఏది నిజమో చెప్తడని. నాకు ఆ టైంకి తెల్వలే.

ఇంటికొచ్చి పాత పేపర్లు నేల మీద పరిచి తారీఖుల వారీగా పెట్టుకున్న. 2024 అక్టోబర్ 10న రష్యా అధ్యక్ష భవనం క్రెమ్లిన్ ప్రతినిధి పెస్కోవ్ ఇది ఫేక్ న్యూస్ అన్నడు. 18న దక్షిణ కొరియా నిఘా సంస్థ, 1,500 మంది స్పెషల్ ఫోర్సెస్ వాళ్లను రష్యా నౌకలు వ్లాడివోస్టోక్‌కు చేర్చినయని చెప్పింది. 21న ఐక్యరాజ్యసమితిల ఉత్తర కొరియా ప్రతినిధి ఇదంత ఆధారం లేని పుకారు అన్నడు. 23న అమెరికా రక్షణ మంత్రి లాయిడ్ ఆస్టిన్ రష్యాల ఉన్నట్టు ఆధారాలున్నయి, అక్కడ ఏం చేస్తున్నరో చూడాలె అన్నడు. మరునాడు కజాన్‌ల బ్రిక్స్ దేశాల మీటింగ్ కాడ శాటిలైట్ ఫోటోల గురించి అడిగితే పుతిన్ కాదని అనలే. 28న అమెరికా, యూరప్ దేశాల సైనిక కూటమి నాటో చీఫ్ మార్క్ రుట్టే కుర్‌స్క్‌ల దిగిన్రని చెప్పిండు. ఇట్ల వరుస పెట్టుకుంటె గందరగోళం సగం పోతది సార్. ఎవరు ఏ రోజు ఏం అన్నరో హెడ్డింగ్‌ల తీసేసి ఒక రోజు "దిగిన కిమ్ సైన్యం", రెండు రోజులకు "అంతా అబద్ధం" అని పెడితే చదివేటోడు తనకు ఏది కావాల్నో అదే పట్టుకుంటడు, మా ఇంట్ల అదే అయింది.

ఇంకోటి, ఎక్కడ దిగిన్రు అనేది. వ్లాడివోస్టోక్ అంటె రష్యాకు తూర్పు కొస, ఉత్తర కొరియా బార్డర్ దగ్గర. కుర్‌స్క్ అంటె పడమర దిక్కు, ఉక్రెయిన్ బార్డర్ ఆనుకొని ఉన్న రష్యా నేల, 2024 ఆగస్టు 6న ఉక్రెయిన్ సైన్యం చొచ్చుకపోయిన జాగ. మన దగ్గర మాత్రం చాలాచోట్ల "ఉక్రెయిన్‌లో కొరియా సైన్యం" అనే వచ్చింది. ఇది చిన్న తప్పు కాదు. 2025 ఏప్రిల్‌ల ఒప్పుకున్నప్పుడు రష్యా, ఉత్తర కొరియా పట్టుకున్న పాయింటే ఇది, మేము రష్యా నేలను కాపాడినం, 2024 జూన్‌ల ఉత్తర కొరియా రాజధాని ప్యాంగ్‌యాంగ్‌ల చేసుకున్న ఒప్పందం ప్రకారమే అని. నేల ఎవరిదో సరిగ్గ రాయకపోతే ఆ వాదన ఏందో, దానికి జవాబు ఏందో పాఠకునికి ఎట్ల అర్థమైతది?

లెక్కల సంగతి ఇంకా బాధ. డిసెంబర్ 23న ఉక్రెయిన్ అధ్యక్షుడు జెలెన్‌స్కీ మూడు వేల పైన అన్నడు, అదే రోజు దక్షిణ కొరియా సైన్యం 1,100 అన్నది. ఇద్దరూ చెప్పింది చచ్చిపోయినోళ్లు, గాయపడ్డోళ్లు కలిపి. ఇంగ్లిష్‌ల దాన్ని క్యాజువాల్టీస్ అంటరు, నేను చూసిన రెండు తెలుగు వార్తలల్ల అది "మృతులు" అయింది. మా వరంగల్ల ఎంజీఎం దవాఖాన క్యాజువాల్టీ తెల్వనోళ్లు ఉండరు, బండి మీద పడి చెయ్యి విరిగినోడు గూడ ఆడికే పోతడు, క్యాజువాల్టీకి పోయినోళ్లంత చచ్చిపోయినోళ్లా సార్? జనవరిల దక్షిణ కొరియా నిఘా సంస్థ 300 మంది చచ్చిపోయిన్రు, 2,700 మందికి గాయాలు అని విడగొట్టి చెప్పేసరికి, అంతకుముందు వేల మంది చచ్చిన్రని చదివినోళ్లు "చూసినవా, ఇది గూడ ఝూటా" అన్నరు. ఝూటా అయింది తర్జుమా, ఆ నష్టం వార్తకు వచ్చింది.

2025 ఏప్రిల్ 26న రష్యా ఆర్మీ చీఫ్ గెరాసిమోవ్ పుతిన్ ముందల కొరియా సైనికులను మెచ్చుకున్నడు, 28న ఉత్తర కొరియా ప్రభుత్వ వార్తా సంస్థ గూడ పంపినమని చెప్పింది. అంటె అక్టోబర్‌ల ఫేక్ అన్నోళ్లే ఆరు నెలలకు నిజం అన్నరు. "అప్పుడు మేం రాసినం, వాళ్లు కాదన్నరు, ఇప్పుడు ఒప్పుకున్నరు" అని ఆ రెండు ముక్కలు కలిపి రాసిన తెలుగు పేపర్ నాకు ఒక్కటి గూడ దొరకలే, లోపలి పేజీల నాలుగు లైన్లు వచ్చి పోయింది. అదే "అంతా అబద్ధం" అన్నప్పుడు ఎంత పెద్దగ వేసిన్రో నాకు యాదికున్నది. మా బావకు ఇయ్యాల్టికి గూడ అది ఫేకే. 2025 మే 8 రాత్రి, పాకిస్తాన్‌తోని కొట్లాటప్పుడు, టీవీలల్ల కరాచీ పోర్టు కాలిపోయిందని అరిచిన్రు, అది నిజం కాదని తేలినంక ఎంతమంది గట్టిగ చెప్పిన్రు?

నేను అడిగేది పెద్ద పని కాదు. యుద్ధం వార్తల హెడ్డింగ్‌లనే ఎవరు చెప్పిన్రో పెట్టండి, ఉక్రెయిన్ చెప్పిందా, దక్షిణ కొరియా చెప్పిందా, రష్యానా అని. కొట్లాడుతున్నోళ్లు చెప్పిన లెక్కకు పక్కపొంటి ఇంకొకరి లెక్క పెట్టండి. చచ్చిపోయినోళ్లు వేరు, దెబ్బలు తగిలినోళ్లు వేరు రాయండి. ముందల రాసింది తర్వాత మారితే అదే సైజుల, అదే పేజీల మళ్ల రాయండి.

మా పిల్లగాన్ని ఆపింది కొరియా వార్త కాదు. 2024 మార్చిల వచ్చిన, రష్యా దిక్కు యుద్ధంల చచ్చిపోయిన హైదరాబాద్ యువకుని వార్త, అదే ఏడు సెప్టెంబర్‌ల ఇంటికి చేరిన నారాయణపేట పిల్లగాని వార్త, ఆ రెండు కటింగ్‌లు తీసుకొని మళ్ల కోరుట్ల బస్సెక్కిన. హెల్పర్ అని తీసుకపోయి తుపాకి చేతిల పెట్టిన్రని, కందకాలు తవ్వించిన్రని వాడు రెండుసార్లు చదివిండు, ఏం మాట్లాడకుండ ఫోన్ బోర్ల పెట్టిండు. పాస్‌పోర్టు మాత్రం మా అక్క తీసుకొని బియ్యం డబ్బాల పెట్టింది. ఇప్పుడు వాడు జీడిమెట్లల ఒక కంపెనీల పనిచేస్తున్నడు, జీతం తక్కువనే.

2025 జనవరి 17న మన విదేశాంగ శాఖ చెప్పిన లెక్క మీరు గూడ వేసిన్రు, రష్యా సైన్యంల చేరిన మనోళ్లు 126 మంది, తిరిగొచ్చినోళ్లు 96, చచ్చిపోయినోళ్లు 12, మిగిలిన 18 మందిల జాడ తెల్వనోళ్లు 16. ఆ తర్వాత నేను చదివే మూడు పేపర్లల్ల ఆ 16 మంది గురించి మళ్ల ఒక్క ముక్క కనవడలే. ఆ డబ్బాల పాస్‌పోర్టు చూసినప్పుడల్లా నాకు ఆ 16 ఇండ్లు యాదికొస్తయి. ఢిల్లీల ఉన్న మీ రిపోర్టర్‌తోని ఒక్కసారి అడిగిపిచ్చి రాయండి సార్.

ఇట్లు,
మీ పాత పాఠకుడు, నయీంనగర్, హన్మకొండ